ఇంటి కంప్యూటరునకు మాఱుప్రతి



మన పూర్వుల యిండ్లలో భోషాణ మొకటి యుండెడిది. పొలము దస్తావేజులు, పట్టాలు, ఋణపత్రములు, జాతకములు, తాటియాకు గ్రంథములు, కుటుంబమునకు సంబంధించిన వ్రాత యంతయు నందులోనే యుండెడిది. దాని తాళపుచెవి యింటి పెద్ద మొలత్రాట నుండెడిది. నేడా భోషాణము మూలబడినది. దస్తావేజుల నకళ్లు, బ్యాంకు లెక్కలు, పిల్లల చదువు పత్రములు, పెండ్లి ఛాయాచిత్రములు, పరదేశమున నున్న మనుమల మాటలు, అన్నియు కంప్యూటరనెడి పెట్టెలోనికి చేరినవి. చిక్కేమనగా, భోషాణమునకు చెదలు పట్టినచో కంటికి కనబడును. ఈ పెట్టెకు పట్టు చెద కంటికి కానరాదు. నిన్న రాత్రి వఱకు చక్కగా పనిచేసినది నేటి యుదయమున తెఱచుకొనదు. అట్టి దినమునకై మనము ముందుగా చేసికొనవలసిన యేర్పాటును గూర్చి యీ ప్రసంగమున చెప్పదలచితిని.

దీనిని ఇంగ్లీషున బ్యాకప్ అందురు. తాళపుచెవి పోయిన నాడు అక్కఱకు వచ్చుటకై మనము మాఱుతాళ మొకటి చేయించి యుంచుకొందుము గదా! ఆ పోలికను బట్టి దీనిని మాఱుప్రతి యనుట నాకు సమ్మతము. పేరేదైనను పని యొక్కటే: మాతృక చెడినను ప్రతి నిలుచుట.

ఇది యెంత యవసరమో నాకు నిక్కముగా తెలిసివచ్చినది ఒక మిత్రుని వలన. ఆయనయు నావలెనే ఉపాధ్యాయత్వము చేసి విరమించినవారు. ఆయన తండ్రిగారు అవధానులు. వారి పద్యములు అచ్చు కాలేదు. సుమారు 900 పద్యములు నోటుపుస్తకములలోనే యుండెను. నా మిత్రుడు మూడేండ్లు కూర్చుండి వానినన్నిటిని తన కంప్యూటరున టైపు చేసికొనెను. పిదప చెదలు తిన్న యా పుస్తకములను పాఱవైచుటకు మనసొప్పక, పాతబడిన పూజావస్తువులను మన మేమి చేయుదుమో యట్లే, కృష్ణలో నిమజ్జనము గావించెను. ఎనిమిది మాసములు గడచిన వెనుక కంప్యూటరులోని డిస్కు చెడినది. విజయవాడలోను హైదరాబాదులోను బాగుచేయువారికి చూపించెను. లోపలి పళ్లెము గీఱుకొనిపోయినదనియు, దానినుండి యేమియు రాదనియు వారు చెప్పిరి. ఇప్పుడాయన దినమునకొక గంట కన్నులు మూసికొని కూర్చుండి, తనకు కంఠస్థమైనవానిని తిరిగి కాగితముపై వ్రాయుచున్నాడు. 170 వఱకు వచ్చినవి. "మాస్టారూ, మూడవ పాదము తోచుటలేదండీ" అని యప్పుడప్పుడు నాకు ఫోను చేయును. నాకు మాత్ర మెట్లు తోచును? ఆ పద్యములను సభలో విన్నవా రిప్పుడెవరును లేరు.

ప్రతి తీయుట మనకు క్రొత్త విద్య కాదు. నన్నయగారి కాలమునాటి భారతపు ఆకు ఒక్కటియు నేడు లేదు; భారతము మాత్రమున్నది. మన తేమలో తాటియాకు కొన్ని తరములకే శిథిలమగును గనుక ప్రతి తరము వారును దానిని చూచి వ్రాసికొనిరి, ఒకరి యిల్లు కాలినను వేఱొకరి యింట నిలిచినది. కడపలో ఛార్లెసు ఫిలిప్పు బ్రౌను దొర పందొమ్మిదవ శతాబ్ది పూర్వార్ధమున పండితులకును వ్రాయసగాండ్రకును జీతములిచ్చి, ఒకే కావ్యమునకు పలుతావుల నుండి ప్రతులు తెప్పించి, సరిచూపించి, శుద్ధప్రతులు వ్రాయించెను. అవి చెన్నపట్టణమునందలి ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారమునకు చేరి మన వాఙ్మయమునకు దిక్కైనవి. ఇంత తెలిసిన జాతివారము, యంత్రము చేతికి రాగానే, వ్రాత యంతయు నొక్క పెట్టెలో నుంచి నిశ్చింతగా నిద్రించుచున్నాము.

ఇక యంత్రము సంగతి. కంప్యూటరులో మన వ్రాతను మోయునది డిస్కు. మొదటి డిస్కు యంత్రమును 1956లో ఐ.బి.ఎం. కంపెనీవారు వెలువరించిరి. అందులో 24 అంగుళముల వ్యాసముగల పళ్లెములు 50 ఉండెడివి. అది పట్టునది సుమారు 50 లక్షల యక్షరములు. నేడు చొక్కాజేబులో నిముడు డిస్కున 2 టెరాబైట్లు, అనగా రెండు లక్షల కోట్ల బైట్లు పట్టును. ఇంగ్లీషక్షరమునకు ఒక బైటు చాలును. మన తెలుగక్షరమునకు సాధారణముగా మూడు కావలెను. గుణింతమునకును వత్తునకును మరల వేఱుగా కావలెను. అయినను భయము లేదు, భారతము పదునెనిమిది పర్వములును అందులో నొక మూల నణగియుండును. చోటు తినునవి ఛాయాచిత్రములు. ఫోనుతో తీసిన చిత్ర మొక్కొక్కటి 4 మెగాబైట్లనుకొన్నచో, ఒక టెరాబైటున రెండున్నర లక్షల చిత్రములు పట్టును.

ఈ డిస్కులలో రెండు జాతులు గలవు. మొదటి జాతిలో మిక్కిలి నునుపైన పళ్లెములు తిరుగుచుండును. జేబు డిస్కులో నిది నిమిషమునకు 5,400 చుట్ల వఱకు నుండుట పరిపాటి. వ్రాయుచు చదువుచు నుండెడి చిన్న ముల్లు, వెండ్రుక మందములో వేయవ వంతు కూడ లేని యెడముతో, ఆ పళ్లెముపై తేలుచుండును. తిరుగుచున్న వేళ బల్లపైనుండి క్రింద పడినదా, ముల్లు పళ్లెమును గీఱును. నా మిత్రునికి జరిగినది యిట్టిదే. రెండవ జాతిలో కదలెడి భాగములు లేవు. వేగము మెండు, ధర హెచ్చు. అయితే విద్యుత్తు తగులక యేండ్ల తరబడి పడియున్నచో దానిలోని వ్రాత క్షీణించు నవకాశ మున్నది. అలమారలో నుంచి యప్పుడప్పుడు తీయు మాఱుప్రతికి మొదటి జాతియే చాలును, చవుక కూడ.

మా యింట కంప్యూటర్లు మూడు. పెద్దవాని ఎరువుల దుకాణపు లెక్కలు ఒకదానిలో, కోడలి పాఠముల వ్రాతలు ఒకదానిలో, మనుమరాలి చదువు వేఱొకదానిలో నున్నవి. మొదటి రెండును విండోసు యంత్రములు. మనుమరాలిది ఆపిల్ వారిది. నేను ముగ్గురికిని కలిపి 2 టెరాబైట్ల డిస్కు నొకదానిని తెప్పింపగా కోడలు, "మామయ్యగారూ, ఎవరి డిస్కు వారికి కొనరాదా?" అని యడిగినది. అడుగదగిన ప్రశ్నయే. కాని మూడు డిస్కులైనచో మూడు మూలల పడియుండును. ఎవరు ప్రతి తీసిరో యెవరు తీయలేదో తెలియదు. డిస్కొక్కటి యై, అది యింటి పెద్ద చేతిలో నున్నచో, లెక్క యొకచోట నుండును. ఏమియు తోచక కూర్చున్న ముదుసలికి పనియు దొరకును.

ఒకే డిస్కున మూడు యంత్రములు వ్రాయవలెనన్నచో మొదట చేయవలసిన పని యొకటి కలదు. విండోసు యంత్రము వ్రాసికొను పలకకు ఒక తీరు గీతలు, ఆపిల్ యంత్రము పలకకు వేఱొక తీరు గీతలు. విండోసు గీతలకు ఎన్.టి.ఎఫ్.ఎస్. అని పేరు. ఆపిల్ యంత్రము వానిని చదువగలదు గాని, వేఱు సాధనము లేనిదే వానిపై వ్రాయజాలదు. కావున డిస్కు క్రొత్తగా ఖాళీగా నున్ననాడే దానిని రెండు వాటములుగా విభజించితిమి. మనుమరాలి యంత్రము లోపలి చోటు 256 గిగాబైట్లు. మాఱుప్రతికి అందుకు రెండింతలైన నుండవలెనని ఆపిల్ వారి సలహా. ఆమెకు 600 గిగాబైట్లు విడిచి, తక్కినది విండోసు యంత్రములకు వదలితిమి. ఈ విభజన యందు ఒక్క హెచ్చరిక: గీతలు గీయుట యనగా పలకను తుడిచివేయుట. డిస్కున ముందే యేమైన నున్నచో సర్వమును పోవును. ఇంట అందఱును విండోసు వారే యైనచో నీ శ్రమ లేదు.

పిమ్మట విండోసు యంత్రముల వంతు. వానియందు ఫైల్ హిస్టరీ యను సాధనము 2012 నుండియు నున్నది. వేఱుగా కొనవలసిన పనిలేదు. డిస్కును తగిలించి, కంట్రోల్ పానెల్ తెఱచి, ఫైల్ హిస్టరీలోనికి పోయి, సెలెక్ట్ డ్రైవ్ అనుచోట నీ డిస్కును చూపి, టర్న్ ఆన్ అని నొక్కిన చాలును. మనిషి పేరునను యంత్రము పేరునను అది డిస్కులో వేఱువేఱు అఱలు కట్టుకొనును గనుక, పెద్దవాని లెక్కలు కోడలి పాఠములతో కలిసిపోవు. ఒకే ఫైలు మాఱిన కొలదియు దాని వెనుకటి రూపములు కూడ నిలుచును. దిద్దిన ప్రతి చెడినచో, దిద్దకమునుపటి ప్రతిని తీసికొనవచ్చును. మా కాలమున రబ్బరుతో చెఱిపినది మరల దొరకెడిది కాదు. ప్రతులను చిరకాలము నిలుపుమనుట దాని సహజధర్మము. డిస్కు నిండిపోవునని శంకించువారు, చోటు కావలసి వచ్చు వఱకు మాత్రమే నిలుపుమని మార్చుకొనవచ్చును.

ఇచ్చట నొక గుంట యున్నది, పెక్కుమంది దానిలో పడుదురు. ఈ సాధనము యంత్రములోని సర్వమును తీయదు. డెస్క్‌టాప్, డాక్యుమెంట్లు, చిత్రములు, సంగీతము, వీడియోలు మొదలగు కొన్ని నిర్ణీతపు అఱలను మాత్రమే తీయును. మా పెద్దవాడు దుకాణపు లెక్కలను 'డి' యను వేఱొక భాగమున నుంచుచుండెను. మాఱుప్రతి పూర్తియైనదని యంత్రము చెప్పినది. డిస్కులో చూడగా లెక్కలు లేవు! యంత్రము కల్ల లాడలేదు, దానికి చూపిన అఱలలో నవి లేవు, అంతే. నాటి సాయంత్రమే వాడు లెక్కల ఫోల్డరును డాక్యుమెంట్ల లోనికి మార్చెను. మీరును ముందుగా, విలువైన వ్రాత యే అఱలో నున్నదో యొక్కొక్కరిని అడిగి కాగితముపై వ్రాసికొనుడు. ఫోనులలో నున్న చిత్రములు కూడ తంతితో కంప్యూటరులోనికి దిగవలెను. లేనిచో నవి యీ లెక్కలోనికి రావు.

ఆపిల్ యంత్రమునకు టైమ్ మెషీన్ అను సాధనము 2007 నుండి కలదు. గడచిన దినమునకు గంటగంటకును, గడచిన మాసమునకు దినదినమునకును, అంతకు వెనుక వారమునకొక్కటియు ప్రతుల నుంచుకొని, చోటు చాలనపుడు మిక్కిలి పాతవానిని విడుచును. దానికి నేను చెప్పవలసినది లేదు, మనుమరాలు నాకే చెప్పినది.

మా యింట ఏకాదశినాడు మాఱుప్రతి దినము. పక్షమునకొకటి వచ్చును, పంచాంగము గోడపైననే యుండును, మఱచుట కలుగదు. ఉదయము అలమారనుండి డిస్కును తీసి యొకరి తరువాత నొకరికి ఇచ్చెదను. విండోసున రన్ నౌ అనియు, ఆపిల్ యంత్రమున బ్యాకప్ నౌ అనియు నొక్కుదురు. మొదటిసారి గంటలు పట్టినది. ఆపై క్రొత్తవియు మాఱినవియు మాత్రమే వ్రాసికొనును గనుక నిమిషములలో ముగియుచున్నది. పని ముగిసిన వెంటనే తంతి లాగివేయరాదు. ఎజెక్ట్ అను ఆజ్ఞ యిచ్చి, తీయవచ్చునని యంత్రము చెప్పిన పిదప తీయవలెను. తీసి, డిస్కుతో నుంచిన చిన్న పుస్తకమున తేదీ, తిథి, ఎవరి యంత్రమో వ్రాసి, వారిచేత చేవ్రాలు చేయించెదను. దీనికి నవ్వువారు నవ్వుచునే యున్నారు, సంతకము చేయుచునే యున్నారు.

డిస్కు నెల్లప్పుడు తగిలించియే యుంచరాదా, ఇంటి ఇంటర్నెట్టు పెట్టెకు తగిలించినచో మువ్వురును ఎప్పుడైనను వ్రాసికొందురు గదా యని కొందఱందురు. అట్లు చేయవచ్చును, సౌకర్యమే. నేను మాత్రము ఒడబడను. 2017 మే 12న వన్నాక్రై అను దుష్ట ప్రోగ్రాము లోకమున సుమారు 150 దేశముల కంప్యూటర్లలో దూఱినది. ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖ కంప్యూటర్లు కొన్నియు దాని వాతబడినవి. అది ఫైళ్లను చెఱుపదు. చదువరాని రహస్యలిపిలోనికి మార్చి, విడిపించుటకు ధనము నడుగును. యంత్రమునకు ఆ క్షణమున తగిలించియున్న డిస్కులను కూడ విడువదు. దొంగ వచ్చిన రాత్రి మాఱుతాళము తలుపునకే వ్రేలాడుచున్న నేమి ఫలము? మాఱుప్రతికి రక్ష తంతి తీసియుండుటయే. విండోసు 10 యంత్రములకు సాధారణ రక్షణపు సవరణలు 2025 అక్టోబరు 14తో నిలిచిపోయినవి. అట్టి పాత యంత్రము లుంచుకొన్నవారికి ఈ జాగ్రత్త మఱింత యవసరము.

"నాన్నగారూ, నావన్నియు క్లౌడులో నున్నవి, డిస్కెందుకు?" అని మా చిన్నవాడు ఫోనులో నన్నడిగెను. క్లౌడనగా మేఘము, వానిమాట కర్థము, ఇంటర్నెట్టు ద్వారా కంపెనీవారి యంత్రములలో దాచుట యని. గూగులువారు 15 గిగాబైట్ల వఱకు ఉచితముగ నిచ్చుచున్నారు. అది మంచిదే, నేనును వాడుచున్నాను. కాని యందు పెక్కు ఏర్పాట్లు ప్రతుల వంటివి కావు, ప్రతిబింబముల వంటివి. ఇక్కడ చెఱిపినచో నక్కడను చెఱుగును. కొన్నినాళ్లు చెత్తబుట్టలో నుంచి పిమ్మట తీసివేయుదురు. పొరపాటున చెఱిపిన సంగతి ఆఱు మాసములకు తెలిసినచో అద్దములో నేమి మిగులును? ప్రతి యనగా మాతృక మాఱినను తాను మాఱనిది.

తీసిన ప్రతి చదువవచ్చునో లేదో చూచుట వేఱొక పని. దీనినే జనులు విడిచిపెట్టుదురు. 1998లో అమెరికాలో పిక్సారు కంపెనీవారు టాయ్ స్టోరీ రెండవ భాగమును తీయుచుండగా, ఎవరో యిచ్చిన చెఱుపు ఆజ్ఞ వలన చిత్రపు ఫైళ్లు చాల భాగము క్షణములలో మాయమయ్యెను. మాఱుప్రతులున్నవి గదా యని చూడగా అవి సరిగా పనిచేయుట లేదని యప్పుడు తేలినది. గేలిన్ సుస్మాన్ అను నుద్యోగిని, చంటిబిడ్డ తల్లి యగుటచే, ఇంటినుండి పనిచేయుటకై తన యింటి కంప్యూటరున నొక ప్రతి నుంచుకొనియుండెను. ఆ కంప్యూటరును దుప్పట్లలో చుట్టి కారులో తెచ్చి చిత్రమును నిలువబెట్టుకొనిరి. అంతటి కంపెనీవారు పరీక్షింపని ప్రతులను నమ్మి చెడిరి, ఒక బాలింత యింటిలోని ప్రతితో బ్రదికిరి. మన వేదపండితులు పదము, క్రమము, జట, ఘనము అని మాటలను ముందునకును వెనుకకును త్రిప్పి వల్లించుట యెందులకు? ఒక్క యక్షరము జాఱినను ఆ త్రిప్పుటలో పట్టుబడును. నేర్చిన దినమున నేర్చితిమని వారు ఊరకుండలేదు.

కావున ప్రతి యేకాదశికిని డిస్కునుండి యొక ఫైలు వెలికితీసి తెఱచి చూచెదము. ఫైల్ హిస్టరీలో రెస్టోర్ పర్సనల్ ఫైల్స్ అను మాట దీనికే యున్నది. నా కంటికి మొదట కనబడునది మా యింటిదాని గొంతు. ఆమె 2019లో కాలము చేసినది. అంతకు ముందటి దీపావళికి మంగళహారతి పాడుచుండగా కోడలు ఫోనులో పట్టినది, రెండు నిమిషముల పాట. చివర నెవరినో పిలిచి దీపములో నూనె పోయుమనును. ఆ ఫైలునే తీసి వినుచుండగా మనుమరాలు, "తాతయ్యా, ఎప్పుడును మీరదే తీయుచున్నారు. తక్కినవి చెడియున్నచో మన కెట్లు తెలియును?" అన్నది. న్యాయమైన మాట. అది మొదలు రెండు ఫైళ్లు తీయుచున్నాము, రెండవదానిని ఆమె యెన్నును.

డిస్కొక్కటియే చాలునా? చాలదు. ఇల్లు మునిగిననో కాలిననో కంప్యూటరును డిస్కును కలిసియే పోవును. 1977 నవంబరు 19న దివిసీమపై ఉప్పెన విఱుచుకుపడినపుడు నేను విద్యార్థిని. వేలమంది ప్రాణములే పోయిన చోట కాగితముల మాట యెవరెత్తుదురు? కాని నెలలు గడచిన పిదప, బ్రదికినవారికి కాగితముల మాటయు వచ్చినది. రిజిస్టరైన దస్తావేజునకు కచేరిలో నకలుండును, రుసుము కట్టి తెచ్చుకొనవచ్చును. ఇంటిలోనే యున్న ప్రామిసరీ నోటునకును తాతల చేవ్రాతకును నకలెక్కడిది? పీటర్ క్రోగ్ అను అమెరికా ఛాయాచిత్రకారుడు 2005లో ప్రకటించిన తన గ్రంథమున ఒక లెక్క చెప్పెను: ప్రతులు మూడు, రెండు విధములైన సాధనములపై, అందొక్కటి వేఱొక తావున. మేము రెండవ డిస్కు నొకటి కొని వరంగల్లులో మా యమ్మాయి యింట నుంచితిమి. సంక్రాంతికిని దసరాకును ఆమె వచ్చునపుడు దానిని తెచ్చి, యిచ్చటిదానిని కొనిపోవును. అక్కడిది ఎనిమిది తొమ్మిది మాసములు వెనుకబడియుండవచ్చును. వెనుకబడినదైనను ఉన్నదే మేలు.

ఊరు దాటి పోవు డిస్కునకు తాళము వేయుట మంచిది. దారిలో పోయినచో నితరులు చదువలేరు. కాని యా సంకేతపదమును మఱచితిమేని మనమును చదువలేము, తెఱచువారు లేరు. దానిని కాగితముపై వ్రాసి బ్యాంకు లాకరులో పొలము పత్రములతో నుంచితిని, ఎచ్చట నున్నదో యిద్దఱు కొడుకులకును చెప్పితిని.

డిస్కు ఆయువు మనుష్యుని యాయువు వలెనే చెప్పరానిది. నాలుగైదేండ్లు వాడిన పిమ్మట క్రొత్తది కొని, పాతది రెండవ వరుసలోనికి పంపుట మేలు. కొన్న దినము నొక చీటిపై వ్రాసి డిస్కు వీపున అంటించుడు. టకటక యను చప్పుడు వినబడినచో ఏకాదశికై వేచియుండక, నాడే వేఱొకదానిలోనికి ప్రతి యెత్తుకొనుడు. కంప్యూటరులోనికి ఎక్కించిన పాత కాగితములను మాత్రము, మాఱుప్రతులు రెండున్నను, ఏటిలో కలుపవలదు. వేపాకు వేసి కట్టగట్టి యటకపై నుంచుడు.